నైట్ షిఫ్ట్ చేస్తూ ప్రార్థన జీవితం నిలబెట్టుకోవడం ఎలా? పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి

మియాపూర్ బ్రదర్:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నా వయసు 31, మాది పల్నాడులో ఒక పల్లె, ప్రస్తుతం మియాపూర్‌లో ఉంటున్నాను. 19 ఏళ్ళప్పుడు మా ఊరి కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను, అప్పట్లో యూత్ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, తెల్లారి 4 గంటలకి లేచి మోకాళ్ళ మీద ఉండటం అన్నీ ఉండేవి. ఇప్పుడు ఆరేళ్ళుగా నైట్ షిఫ్ట్, సాయంత్రం 6:30కి లాగిన్ అయితే తెల్లారుజామున 3:30కి లాగౌట్, క్యాబ్ దిగి రూమ్‌కొచ్చేసరికి నాలుగున్నర, ఇక పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవలేను. ప్రార్థన అంటే క్యాబ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాక్యం వినడం, అదీ సగం నిద్రలో. ప్రతి జనవరిలో బైబిల్ ఆదికాండం నుంచి మొదలుపెడతాను, నిర్గమకాండంలో గుడారం కొలతల దగ్గర ఆగిపోతాను.

పరిశుద్ధంగా బతకాలని నిజంగా ఉంది. మందు, సిగరెట్ లేవు, ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటు దేవుని కృపతో పోయి రెండేళ్ళయింది, దశమ భాగం ఇస్తున్నాను. అయినా లోపల ఎండిపోయినట్టే ఉంది. నెలలో మొదటి ఆదివారం బల్ల (ప్రభువు భోజనం, రొట్టె ద్రాక్షరసం) దగ్గరికి వెళ్ళేటప్పుడు చెయ్యి వణుకుతుంది, ఎందుకో అర్థం కావట్లేదు. మా అన్నయ్యతో పొలం విషయంలో రెండేళ్ళుగా మాటలు లేవు కానీ అది వేరే సంగతి, తప్పు ఆయనదే, దాని గురించి అడగట్లేదు. నాకు కావాల్సింది నైట్ షిఫ్ట్ వాళ్ళకి సరిపోయే ఒక టైమ్‌టేబుల్, ఎవరైనా పాటిస్తుంటే చెప్పండి ప్లీజ్.

వైజాగ్ స్టాఫ్ నర్స్:
బ్రదర్ నేను పన్నెండేళ్ళుగా డ్యూటీలు మారుతూ చేస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చింది చెప్తాను. 4 గంటలకే లేవాలి అనేది వదిలెయ్యండి, అది రాత్రి పడుకునేవాళ్ళ లెక్క, మీకు తెల్లారేది మధ్యాహ్నం 12కి. లేచాక ఫోన్ ముట్టుకోకుండా ముందు ఒక కీర్తన పైకి చదవండి, పైకి అంటే నోటితో, మనసులో చదివితే నిద్రొస్తుంది. బైబిల్లో పౌలు సీలలు జైల్లో పాడింది అర్ధరాత్రే కదా, 119వ కీర్తన 62వ వచనంలో కూడా అర్ధరాత్రి లేచి స్తుతించే మాట ఉంది, కాబట్టి మీ షిఫ్ట్ మధ్యలో బ్రేక్ ఉంటే కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్ళేముందు ఐదు నిమిషాలు మెట్ల దగ్గర నిలబడి ప్రార్థన చేసుకోండి. చదవడం ఆగిపోతుంటే సువార్తల్లోంచి మొదలుపెట్టండి, రోజుకి ఒక్క అధ్యాయం చాలు. ఇంతకన్నా పెద్ద ప్లాన్ వేసుకుంటే నాలుగు రోజులకే పోతుంది, నాకు అలాగే పోయింది.

యూత్ లీడర్, రాజమండ్రి:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, ఎండిపోయినట్టు ఉంది అంటే అది ఆత్మీయ పోరాటం, 21 రోజులు ఉపవాసం పట్టండి, సాయంత్రం దాకా నీళ్ళు మాత్రమే. నేను పోయిన సంవత్సరం శ్రమకాలంలో (ఈస్టర్‌కి ముందు) 40 రోజులూ చేశాను, చాలా బలం వచ్చింది.

కువైట్ అక్క:
తమ్ముడూ నేను రాజోలు దగ్గర నుంచి ఖద్దామా వీసా (ఇంటిపని వీసా) మీద వచ్చాను, తొమ్మిదేళ్ళు అవుతుంది. ఇక్కడ ఆరాధన శుక్రవారం జరుగుతుంది, మా మామా (ఇంటి యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తాం) నెలకి ఒక్క శుక్రవారం పంపిస్తుంది, రంజాన్ నెలలో అదీ ఉండదు, రాత్రి రెండింటి దాకా వంటిల్లే. అందుకని నేను గిన్నెలు తోముతూ ప్రార్థన చేస్తాను, ఒక్కో గిన్నెకి ఒక్కో పేరు, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్త, మా ఊరి పాస్టర్ అయ్యగారు, మా వీధిలో మంచాన పడ్డ ముసలమ్మ. ఎవరికీ తెలీదు, నీళ్ళ చప్పుడులో కలిసిపోతుంది. కాబట్టి టైమ్ లేదనే బాధ నాకు తెలుసు, కానీ టైమ్ లేకపోతే దేవుడు దూరమైపోడు తమ్ముడూ.

పైన బ్రదర్ ఉపవాసం అన్నాడు, మంచిదే, నేనూ చేస్తాను. కానీ యెషయా 58 ఒకసారి తీసి చదువు, అక్కడ జనం ఉపవాసం ఉంటూనే కలహాలాడుకుంటున్నారు, దేవుడు ఆ ఉపవాసం వద్దన్నాడు. నువ్వు ఇంత పెద్దగా రాసి మీ అన్నయ్య గురించి ఒక్క ముక్కలో దాటేశావు. చెయ్యి వణికేది అక్కడే అనిపిస్తుంది నాకు. తప్పుగా అనుకోకు.

ఒంగోలు రిటైర్డ్ మాస్టారు:
నాయనా, అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. మాది బాప్టిస్ట్ సంఘం, ఐదు తరాలుగా. మా ఊళ్ళో ప్రార్థన కొండ ఉంది, 1854 జనవరి 1న తెల్లారుతుండగా అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అలా వచ్చిన సేవకుడు, అమెరికన్ మిషనరీ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళు ఎదురుచూశారు. నీ ప్రార్థనకి మూడు నెలల్లో ఫలితం లేదని దిగులు పడకు, ఇది మొదటి మాట.

రెండోది. అప్పట్లో మా మాదిగ పల్లెల్లో విశ్వాసులైనవాళ్ళకి పరిశుద్ధత అంటే మూడు సంగతులు చెప్పేవాళ్ళు, ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చదవడానికి చిన్నగా ఉన్నాయి గానీ ఆలోచించు, రోజు కూలి మీద బతికేవాడు ఆదివారం పనికి రాను అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా, ఊరి జాతరకి డప్పు కొట్టను అంటే ఊరుకుంటారా. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. 1876 నుంచి పెద్ద కరువొస్తే క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్ట్ తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, కానీ కరువున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగాక కూడా జనం వదల్లేదు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత ఆ రోజుల్లోవాడే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే వాళ్ళకి చదువు లేదు, చేతిలో బైబిలూ లేదు, ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో అక్కడే వాళ్ళ విశ్వాసం కనపడింది. నీకు మందు మానడం కష్టం కాలేదు, దశమ భాగం కష్టం కాలేదు. నీకు కష్టమైంది మీ అన్నకి ఫోన్ చెయ్యడం. మత్తయి 5:23, 24 నీకు తెలుసు, బలిపీఠం దగ్గర నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే పెట్టి వెళ్ళమన్నాడు. తప్పెవరిదో అక్కడ అడగలేదు చూడు.

మియాపూర్ బ్రదర్:
మాస్టారూ, అక్కా, రెండు రోజులు రిప్లై ఇవ్వలేకపోయాను. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది మొదట. సంగతి ఏంటంటే నాన్న పోయాక ఉమ్మడిగా ఉన్న అరెకరం అన్నయ్య అమ్మేశాడు, అమ్మ ఆపరేషన్‌కి అన్నాడు, ఆపరేషన్ జరిగింది, కానీ మిగతా డబ్బు లెక్క ఇప్పటిదాకా చెప్పలేదు. నేను అడిగితే నువ్వు సిటీలో ఏసీలో కూర్చుంటావు నీకేం తెలుసు అన్నాడు, ఆ మాట నేను మర్చిపోలేకపోయాను. పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్తే మందిరంలో ఆయన ముందు వరసలో, నేను వెనక తలుపు దగ్గర. అమ్మ రెండు చోట్లా కూర్చోలేక స్త్రీల వైపు చివర ఒక్కతే కూర్చుంది. ఇప్పుడు నేను వెళ్ళి మాట్లాడితే ఆయన చేసింది కరెక్ట్ అని ఒప్పుకున్నట్టు కాదా?

అడిక్‌మెట్ సిస్టర్:
కాదు బ్రదర్. పొలం లెక్క వేరు, మాట వేరు, రెండూ ఒకేసారి తేలాలని పట్టుబడితే ఏదీ తేలదు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మేం చిన్నప్పుడు హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో హెబ్రోనుకి, అంటే బోధకుడు భక్తసింగ్ గారి మందిరానికి వెళ్ళేవాళ్ళం. భక్తసింగ్ గారు పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టినాయన, 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టి తర్వాత హైదరాబాద్ వచ్చారు, 2000లో చనిపోయేదాకా ఇక్కడే. ఆయన మోకాళ్ళ ప్రార్థన గురించి అందరూ చెప్తారు, నాకు మాత్రం ఎక్కువ గుర్తుండేది ప్రేమ విందు. ఆరాధన అయ్యాక అందరం కింద వరసగా కూర్చుని తినేవాళ్ళం, ఆఫీసరైనా రిక్షా తొక్కే ఆయనైనా పక్కపక్కనే.

మా నాన్న, మా బాబాయి ఇంటి గోడ విషయంలో కోర్టుకెళ్ళారు, ఏడాది పాటు ఒకళ్ళు ఈ చివర ఒకళ్ళు ఆ చివర కూర్చునేవాళ్ళు. ఒక ఆదివారం మా నాన్నకి వడ్డించే వంతు వచ్చింది. సాంబారు బకెట్ పట్టుకుని వరస వెంబడి వస్తూ బాబాయి దగ్గర ఆగాడు, గరిటె పట్టుకుని అలా నిలబడిపోయాడు, నేను ఎదురు వరసలో ఉండి చూస్తున్నాను. తర్వాత వడ్డించాడు. బాబాయి తల ఎత్తకుండా ఇంకొంచెం అన్నాడు. కేసు ఇంకో మూడేళ్ళు నడిచింది, గోడ మా వైపుకే జరిగింది, మాకు నష్టమే వచ్చింది. కానీ బాబాయి పోయేటప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని పోయాడు.

కాబట్టి లెక్క అడగొద్దని నేను అనను, అడిగే హక్కు మీకుంది, అమ్మ ముందు కూర్చుని మెల్లగా అడగొచ్చు. ముందు మాట కలపండి.

కువైట్ అక్క:
ఫోన్ చేశాక ఏం మాట్లాడాలో తెలీకపోతే అమ్మ మందుల గురించి అడుగు తమ్ముడూ. అక్కడి నుంచి మొదలవుద్ది.

మియాపూర్ బ్రదర్:
ఇవాళ మధ్యాహ్నం లేచి నర్స్ సిస్టర్ చెప్పినట్టు ఒక కీర్తన పైకి చదివాను, 133 వచ్చింది, సహోదరులు ఐక్యత కలిగి ఉండటం గురించి, నేను వెతికి తీసింది కాదు. తర్వాత అన్నయ్యకి చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి వదిన ఎత్తింది, ఎవరూ అంది, పేరు చెప్తే ఏమీ మాట్లాడలేదు, వెనకాల గేదె అరుపు వినపడుతుంది. తర్వాత అన్నయ్య తీసుకున్నాడు. నేను అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయా అని అడిగాను. ఇంకా వారానికి ఉన్నాయి అన్నాడు. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం, పెట్టేస్తాడేమో అనుకున్నాను, తిన్నావా అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు ఆగలేదు, సరిగ్గా జవాబు కూడా చెప్పలేకపోయాను.

శనివారం రాత్రి నరసరావుపేట బస్సుకి టికెట్ తీసుకున్నాను. ఈసారి పొలం సంగతి ఎత్తను. వచ్చేది మొదటి ఆదివారం, మా ఊరి మందిరంలోనే బల్ల తీసుకుందామనుకుంటున్నాను, ఆయన పక్కన చోటిస్తే. ప్రార్థన చేయండి.

కువైట్ అక్క:
శనివారం రాత్రి ఇక్కడ 9 అయితే మీకు పదకొండున్నర, నువ్వు బస్సులో ఉంటావు. నేను గిన్నెల దగ్గర ఉంటాను తమ్ముడూ, ఆ రోజు రెండు పేర్లు కలుపుతాను, మీ ఇద్దరివీ.