అప్‌డేట్: నా స్టూడియో మూతపడలేదు

పోయిన నెల అడిగాను కదా, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మేం 1987లో జరుగుతున్నట్టు ఆడే రోల్‌ప్లేలో (పాత్రలు వేసి ఆడే ఆట) నా గేమ్ స్టూడియో దివాలా తీసేలా ఉంది, జపాన్ గేమ్ కంపెనీ నింటెండో మెషీన్‌కి గేమ్ చేయాలా వద్దా అని. చేయలేదు. అప్పట్లో కార్ట్‌రిడ్జ్‌లు (గేమ్ ఉండే ప్లాస్టిక్ పెట్టెలు) వాళ్లే తయారుచేసేవాళ్లు, వాటిని వాళ్ల దగ్గరే కొనాల్సి వచ్చేది; అమెరికాలో ఒక్కో కంపెనీకి ఏడాదికి 5 గేమ్‌లకే అనుమతి ఉండేది. అంత పెట్టుబడి మా దగ్గర లేదు.

మీరు చెప్పినట్టే బ్రిటన్‌కి మారి, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే అప్పటి ఇంటి కంప్యూటర్‌కి క్యాసెట్ మీద విడుదల చేశాం. అందులో 8×8 చుక్కల గడికి రెండే రంగులు. ఆర్టిస్ట్ పాత్ర వేసే మా తమ్ముడు పడవ బొమ్మని గళ్ల కాగితం మీద మూడుసార్లు గీశాడు, పడవ కింది నీళ్ల రంగు తెరచాపకి అంటకుండా. ఆ ఫొటో చూసి గేమ్ మాస్టర్ (ఆట నడిపేవారు) మాకు అదనపు పాయింట్లు ఇచ్చారు. ఈ నెల అందరికీ జీతాలు ఇచ్చేశాం. టెన్షన్ పోయింది, చాలా థాంక్స్ అండీ.