పోఖరాకు యూత్‌ను పంపాలా, ఆ డబ్బునే పంపాలా?

బెజవాడ యూత్ సెక్రటరీ:
అందరికీ వందనాలు. మా సంఘం యూత్ దసరా సెలవుల్లో నేపాల్‌కు మిషన్ ట్రిప్ వెళ్లాలని తీర్మానించుకుంది. రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్, అక్కడి నుంచి బస్సులో సోనౌలి, సరిహద్దు దాటి పోఖరా. పదిహేను మంది, పది రోజులు. కానుకలు బాగానే వస్తున్నాయి. స్కిట్లు నేర్చుకుంటున్నారు, హిందీ కరపత్రాలు అచ్చుకు ఇచ్చాం. పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సంఘ పెద్ద లేచి, ‘ఈ మూడు లక్షలతో అక్కడి సువార్తికుణ్ణి ఏళ్ల తరబడి పోషించవచ్చు. మీరు వెళ్లి చేసేది ఏమిటి?’ అని అడిగారు. యూత్ అలిగింది. పాస్టరు గారు ప్రార్థన చేద్దాం అని ఊరుకున్నారు. నేను వెళ్లాలనే పక్షం, ముందే చెబుతున్నాను. మీరేమంటారు?

ఖమ్మం సండేస్కూల్ టీచర్:
ఆ పెద్దాయనకు నా ఓటు. బైబిల్లో యేసు శిష్యులకు చెప్పిన వరుసలో యెరూషలేము, యూదయ, సమరయ అయ్యాకే కదా భూదిగంతాలు! భద్రాచలం ఏజెన్సీలో బస్సు వెళ్లని గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ సెలవుల బైబిలు బడి పెడదాం రండి అంటే మా యూత్‌లో పేరు ఇచ్చేవారు ఉండరు. ఒకరికి ట్యూషన్, ఇంకొకరికి జ్వరం. కొండలు, సరస్సు, కేబుల్ కారు ఉన్న ఊరు అనగానే అందరికీ ఒకేసారి సేవా భారం కలుగుతుంది. పిలుపు వాతావరణం చూసి రాదు బ్రదర్.

నెల్లూరు బాప్టిస్టు:
టీచరు గారూ, ‘ముందు ఇల్లు, తరువాత పొరుగు’ అని మన పెద్దలు కూర్చుని ఉంటే దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో తెలుగు బాప్టిస్టు సంఘాలే ఉండేవి కావు. 1903లో మా నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాకు వెళ్లారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా చేరిన మనవాళ్ల కోసం ఆయనను పంపింది తెల్లదొరల బోర్డు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం. అప్పుడు మాత్రం నెల్లూరు జిల్లాలో పని అంతా అయిపోయిందా?
అయితే సెక్రటరీ గారు సంబరపడనక్కరలేదు. రంగయ్య గారు వెళ్లింది తన భాష మాట్లాడేవారి దగ్గరకు. అక్కడే కాపురం పెట్టి, నటాల్‌లోని కీర్స్‌నీలో సంఘం కట్టారు. స్కిట్ వేసి తిరుగు బండి ఎక్కలేదు.

బెజవాడ యూత్ సెక్రటరీ:
ఇరవై ఏళ్ల పిల్లవాణ్ణి ఒకేసారి జీవితం ధారపోయమంటే ఎలా అన్నా? ముందు కళ్లతో చూడాలి. పది మంది వెళితే ఒకరికైనా నిజమైన పిలుపు కలగవచ్చు. ఆ ఒక్కరి విలువ ఏ ఖాతాలో రాస్తారు?

డల్లాస్ సిస్టర్:
నాది అవతలి ఒడ్డు అనుభవం. మా తెలుగు సంఘంలో ఇక్కడే పుట్టిన పిల్లలను క్రిస్మస్ సెలవుల్లో ఆంధ్రలోని ఒక హాస్టలుకు తీసుకువెళ్లాం. కారు దిగేసరికి అక్కడి పిల్లలు వరుసగా నిలబడి స్వాగత గీతం పాడారు. మా అబ్బాయిల్లో ఒకడి ఫోనులో వీడియో రికార్డు కాలేదు. వార్డెన్ చప్పట్లు కొట్టి పాట మళ్లీ మొదటి నుంచి పాడించాడు. ముందు వరుసలోని చిన్న పాప పల్లవి పాడుతూనే చాక్లెట్ల పెట్టె వైపు చూస్తోంది. ఇంకో వారంలో వాళ్లకు పరీక్షలని తరువాత తెలిసింది. మేము దిగే రోజుకు వంటమనిషి ఎన్ని గంటలకు లేచిందో ఎవరమూ అడగలేదు.
చట్టం సంగతి కూడా ఒకటి ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా భారతదేశంలో మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మా సంఘంలో చాలామంది ‘మన ఊరికి మనం వెళ్లడానికి అనుమతి ఏమిటి’ అనే ధోరణిలోనే ఉన్నారు. నేపాల్‌కు వీసా అక్కరలేదు కాబట్టి మీవాళ్లూ అలాగే అనుకుంటారేమో.

పోఖరాలో పనిచేసిన నర్సు:
అదే చెప్పబోతున్నాను. వీసా లేనంత మాత్రాన చట్టం లేదని కాదు. 2015 నేపాల్ రాజ్యాంగం 26వ అధికరణం మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 నుంచి అమలవుతున్న శిక్షాస్మృతిలో 158వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, యాభై వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు. మీరు అచ్చుకిచ్చిన కరపత్రాలు ఈ సెక్షన్‌కు చేతికిచ్చిన సాక్ష్యం. ఆ ప్రెస్సుకు ఈరోజే ఫోను చేయండి.
ఇక దసరా. అక్కడ అది దశైన్, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ. ఊళ్లకు వెళ్లేవారితో బస్సులు కిటకిటలాడుతాయి, ఆఫీసులు మూసేస్తారు. అంతకంటే ముఖ్యం, ఆ రోజుల్లో ఇంటి పెద్దలు చిన్నవాళ్ల నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టి ఆశీర్వదిస్తారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వారికి ఏడాది మొత్తంలో అది గడ్డు సమయం. పెట్టించుకుంటే మనస్సాక్షి, వద్దంటే తల్లిదండ్రుల కన్నీళ్లు. సరిగ్గా అప్పుడే పరదేశం నుంచి పదిహేను మంది గిటార్లతో దిగితే, ‘మా పిల్లను చెడగొట్టింది వీళ్లే’ అని ఆ ఇంటివాళ్లు అనరా?

గుంటూరు కుర్రాడు:
చట్టానికి భయపడితే అపొస్తలుల కార్యముల గ్రంథమే ఉండేది కాదు సిస్టర్. పౌలు అనుమతి పత్రం పట్టుకుని తిరిగాడా?

పోఖరాలో పనిచేసిన నర్సు:
తమ్ముడూ, పౌలు దెబ్బలు తన వీపు మీద తిన్నాడు. ఇక్కడ నువ్వు రైలెక్కాక పోలీసులు వచ్చేది ఆ స్థానిక పాస్టరు ఇంటికి. 2020లో పోఖరాలోనే ఒక పాస్టరును అరెస్టు చేశారు. మరుసటి ఏడాది డోల్పా జిల్లా కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది, పైకోర్టు దాన్ని ఏడాదికి తగ్గించింది. ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నారు. నీ ధైర్యానికి వేరేవాళ్లు జైలుకు వెళ్లడం ఏ వాక్యంలో ఉంది?
పౌలుకు కలిగిన మాసిదోనియ దర్శనం గుర్తుందా? ‘వచ్చి సహాయం చేయండి’ అని అటువైపు మనిషి అడిగాడు. మిమ్మల్ని ఎవరు పిలిచారు? ఆ సంఘం నుంచి ఉత్తరం ఉందా?

ఖమ్మం సండేస్కూల్ టీచర్:
అంటే వెళ్లవద్దనే కదా. నేను మొదటే చెప్పాను.

పోఖరాలో పనిచేసిన నర్సు:
కాదండీ. డబ్బు పంపితే చాలన్న మాటా నాకు నచ్చదు. 1952లో పోఖరాకు సువార్త చేరింది మనియార్డరులో కాదు. సోనౌలికి దగ్గర్లోనే ఉన్న నౌతన్వా నుంచి డేవిడ్ ముఖియా అనే నేపాలీ విశ్వాసి, కొందరు తోటివారు వెళ్లి రామ్‌ఘాట్ సంఘం మొదలుపెట్టారు. ఆ ఏడాదే వెళ్లిన విదేశీ డాక్టరమ్మలు ఆసుపత్రి నడిపారు. సంఘాన్ని నేపాలీలే చూసుకున్నారు. 2021 జనగణనలో ఐదు లక్షల పైచిలుకు క్రైస్తవులు తేలారంటే, దాని వెనుక ఎక్కువ శ్రమ వాళ్లదే. కాబట్టి నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి వెళ్లండి. ఆరాధన శనివారం, సెలవు ఆరోజే కాబట్టి. చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చోవాలి. ‘జయ మసీహ’ (క్రీస్తుకు జయం) అని పలకరిస్తే ముసలివాళ్ల ముఖాలు విప్పారతాయి. స్కిట్ల సమయంలో నాలుగు నేపాలీ వాక్యాలు నేర్చుకోండి. లిపి దేవనాగరే, బడిలో హిందీ చదివినవారు పాటల పుస్తకం చూసి వాళ్లతోపాటు పాడవచ్చు.

నెల్లూరు బాప్టిస్టు:
1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, తరువాత డోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య గారు తెల్ల మిషనరీలను అడిగింది ఇదే. మీ త్యాగాలు, ధనం సరే, మాకు స్నేహితులు కావాలి అన్నారు. అప్పటికే ఆయన తిరునెల్వేలి నుంచి డోర్నకల్ ప్రాంతానికి వచ్చి తెలుగు నేర్చుకుని ఉన్నారు. మనకు అప్పుడు చేదుగా ఉన్న పెత్తనం ఇప్పుడు మనం నేపాలీల మీద చేయకూడదు. పదిహేను మందికి ఎవరు వండిపెడతారు? ఐదుగురు చాలు.

బెజవాడ యూత్ సెక్రటరీ:
కరపత్రాలు ఆపించాను. దసరాకు కాదు, సంక్రాంతి తరువాత. పోఖరా పాస్టరు గారు రాయకపోతే ప్రయాణం లేదు. ఆయన రమ్మంటే ఐదుగురం, ఆయన చెప్పిన పని. వెళ్లాలన్న మాట మాత్రం నేను వదలను. మిగిలే డబ్బులో సగం ఏజెన్సీ బైబిలు బడికి ఇవ్వాలని కమిటీలో పెడతాను, టీచరు గారు తేదీలు చెప్పాలి. ఇద్దరికి పాస్‌పోర్టు లేదు. ఆధార్‌తో సరిపోతుందా?

పోఖరాలో పనిచేసిన నర్సు:
విమానానికి సరిపోదు, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. బస్సులో వెళ్లినా ఆ రెంటిలో ఒకటి జేబులో పెట్టుకోండి.

ఖమ్మం సండేస్కూల్ టీచర్:
మే మొదటి వారం. ఐదుగురు కాదు, పదిహేను మందీ రావాలి. అక్కడ వంట మనమే చేసుకుంటాం.