అప్‌డేట్: అద్దింట్లో టీవీ యాంటెన్నా సమస్య చాలావరకు తీరింది

అద్దింట్లో ఇండోర్ యాంటెన్నా పెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది, ఓనర్ గారు గోడకి డ్రిల్ వద్దన్నారు, ఏం చెయ్యాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

మీరన్నట్టే ముందు టీవీ వెనకాల పెట్టిన బూస్టర్ (సిగ్నల్‌ని పెంచే డబ్బా) తీసేశా, సిగ్నల్ అక్కడికొచ్చేలోపే పాడైపోతే అది నాయిస్‌ని, అంటే సిగ్నల్‌లో కలిసిన చెత్తని కూడా కలిపి పెంచుతుందంతే, ఈ ముక్క ముందే తెలిసుంటే కొనేవాణ్ణే కాదు. రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ కూడా పీకేశా, దాంట్లోనే సుమారు 3.5 డీబీ (డెసిబెల్), అంటే సగానికి పైగా సిగ్నల్ పోతుంది. పాత కేబుల్ కనెక్టర్ చూస్తే చిలుము పట్టేసి ఉంది, టీవీ యాంటెన్నాకి వాడే కొత్త 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్ వేశా.

అసలు తేడా మాత్రం యాంటెన్నా చోటు మార్చాకే వచ్చింది. ఓనర్ గారిని అడిగి బాల్కనీ రెయిలింగ్‌కి క్లాంపుతో బిగించా, గోడకి ఒక్క చిల్లు కూడా పెట్టలేదు, టీవీ ప్రసారాల టవర్ వైపు తిప్పి టీవీ మెనూలో సిగ్నల్ క్వాలిటీ చూసుకుంటూ కొంచెం కొంచెం జరిపా, మూరెడు జరిపితేనే ఎంత మారిందో!! తర్వాత చానెళ్లు మళ్లీ స్కాన్ చేశా.

ఇప్పుడు ఒక్క చానెల్లోనే బొమ్మ ఆగిపోతోంది, అదీ హాల్లో ఎల్‌ఈడీ బల్బు వేసినప్పుడే, ఆ బల్బే సిగ్నల్‌కి అడ్డుపడుతోందేమో. రేపు బల్బు మార్చి చూస్తా.