పోకెమాన్ మొదటి సినిమా: ఆరేళ్ల పాపకు పాతది చూపించాలా, కొత్తదా?

అందరికీ నమస్కారం. మా పాపకు పోకెమాన్ కార్టూన్‌లో కరెంటు షాక్ ఇచ్చే పసుపు జీవి పికాచు అంటే ప్రాణం. పోకెమాన్ మొదటి సినిమా, అదే మ్యూ అనే పోకెమాన్ నుంచి ల్యాబ్‌లో తయారుచేసిన మ్యూటూ కథ, ఇద్దరం కలిసి చూద్దామనుకుంటున్నాం. చిన్నప్పుడు మా పెద్దమ్మ వాళ్లింట్లో సీడీ వేసి చూశాను. మ్యూ, మ్యూటూ పోరు ఆపాలని పికాచు నేస్తమైన హీరో కుర్రాడు ఆష్ మధ్యలోకి పరిగెత్తి రాయిగా మారిపోతాడు కదా, ఆ సీన్ ఇప్పటికీ మర్చిపోలేదు. పికాచు అతన్ని లేపాలని మళ్లీ మళ్లీ షాక్ ఇస్తుంది. లేవడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. చివరికి పోకెమాన్ల కన్నీళ్లతో బతుకుతాడని నాకు తెలుసు. కానీ అంతదాకా పాప తట్టుకుంటుందా అని టెన్షన్‌గా ఉంది.

ఇంకో సందేహం. 1998లో జపాన్‌లో వచ్చిన పాతది చూపించాలా, అదే కథతో 2019లో వచ్చిన కంప్యూటర్ యానిమేషన్ చూపించాలా? కొత్తది కాసేపు చూశాను. మెరుపులు బాగున్నాయి గానీ, చేత్తో గీసిన ముఖాల్లోని బాధ అందులో నాకు కనిపించలేదు. పాతదాని ఇంగ్లిష్ డబ్బింగ్‌లోనేమో సంగీతం, చాలా మాటలు మార్చేశారు. జపనీస్‌లో మ్యూటూ తను ఎవరో, ఎందుకు పుట్టాడో అని మథనపడే తీరు నాకెంతో ఇష్టం. పాపకేమో ఇంకా సబ్‌టైటిల్స్ చదవడం రాదు.

ఈ వయసు పిల్లలతో చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ రాయి సీన్ గురించి ముందే చెప్పారా, లేక పక్కన కూర్చుని ఊరుకున్నారా? తెలుగు డబ్బింగ్ సక్రమమైన దారిలో ఎక్కడైనా దొరుకుతుందా? దొరక్కపోతే జపనీస్‌దే పెట్టి, నేనే తెలుగులో చెబుతూ చూపిస్తే పిల్లలు వింటారా?