386కు 33.6 మోడెమ్: హ్యాండ్‌షేక్ ఉన్నా అక్షరాలు ఎందుకు పోతున్నాయి?

పాతపెట్టె: 386 ప్రాసెసర్ ఉన్న పాత కంప్యూటర్, దాని మీద విండోస్ 3.1, సెకనుకు 33,600 బిట్ల మోడెమ్. ఇంట్లోని చిన్న ఈపీఏబీఎక్స్ (సొంత ఫోను ఎక్స్ఛేంజి) ద్వారా రెండో మోడెమ్‌కు డయల్ చేస్తున్నాను. సీరియల్ పోర్టు వేగం సెకనుకు 115200 బిట్లు, ఆర్‌టీఎస్/సీటీఎస్ (ఆగు, పంపు అని తీగల మీద చెప్పుకునే హ్యాండ్‌షేక్) ఆన్. అయినా జెడ్‌మోడెమ్ అనే బదిలీ పద్ధతితో ఫైలు దించుతుంటే, డిస్కు దీపం వెలిగినప్పుడల్లా సీఆర్‌సీ (డేటా సరిగా వచ్చిందా అనే తనిఖీ) తప్పులు. మైక్రోసాఫ్ట్ తనిఖీ ప్రోగ్రాము ఎంఎస్‌డీలో సీరియల్ పోర్టు చిప్ 8250 అని ఉంది. ఇలాంటప్పుడు ఆపడానికే కదా హ్యాండ్‌షేక్ ఉన్నది?

తంతితాత: కేబులే. 9 పిన్నుల ప్లగ్గులో ఆర్‌టీఎస్, సీటీఎస్ వెళ్లే 7, 8 తీగలు ఉన్నాయా? 1997లో ఒక దుకాణంలో నాకు మూడు తీగల కేబుల్ అంటగట్టారు. పల్సుల లెక్కన ఫోను బిల్లు వచ్చే రోజులు. సగంలో చెడిన ఫైళ్లకు కూడా డబ్బు కట్టాను.

ఇంటరప్ట్‌రావు: కేబుల్ కాదు. 115200 అంటే అక్షరానికి 10 బిట్ల లెక్కన సెకనుకు 11,520 అక్షరాలు, 87 మైక్రోసెకన్లకు ఒకటి. 8250లో వచ్చిన అక్షరం నిలిచే చోటు ఒక్కటే. ప్రాసెసర్ డిస్కు పనిలో ఉండి, ఇంటరప్ట్‌కు (అక్షరం వచ్చింది, తీసుకో అనే పిలుపుకు) పలకడం ఆలస్యమైతే తర్వాతి అక్షరం దాని మీద పడుతుంది. ఆర్‌టీఎస్ దించి ఆగమనేది డ్రైవరు సాఫ్ట్‌వేర్, అదీ తన బఫరు నిండబోతుంటేనే. చిప్ దగ్గర జరిగే నష్టాన్ని అది ఆపలేదు. 16 అక్షరాల ఫిఫో (వచ్చిన వరుసలో నిలిపే చోటు) ఉన్న 16550ఏ కార్డు వేయండి.

తంతితాత: 7, 8 తీగలు లేకపోతే మీ 16550 ఏమి చేయగలదు?

కోనసీమకుర్రాడు: ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ (ఆగు, పంపు అని తీగలతో కాక అక్షరాలతో చెప్పే పద్ధతి) పెడితే?

ఇంటరప్ట్‌రావు: ఆపమని చెప్పేది అక్కడా డ్రైవరే. జబ్బు అలాగే ఉంటుంది.

పాతపెట్టె: తాతగారూ, మీటరుతో చూశాను. 7, 8 రెండూ బాగున్నాయి. పోర్టును 38400కు దించితే తప్పులు ఆగాయి.

ఇంటరప్ట్‌రావు: ఆగుతాయి, మోడెమ్ సత్తా కూడా అక్కడే ఆగుతుంది. మోడెమ్‌లోని వీ.42బిస్ కుదింపు పద్ధతి టెక్స్ట్‌ను నాలుగో వంతుకు కుదించగలదు. మీ పోర్టు సెకనుకు 3,840 అక్షరాలు దాటనివ్వదు.

మధ్యేమార్గం: జిప్ ఫైలు మళ్లీ కుదరదు కదా. దానికి 33,600 బిట్ల లైనే సెకనుకు 4,200 బైట్లకు మించి ఇవ్వదు. పోయేది పదో వంతు లోపే.

ఇంటరప్ట్‌రావు: అదైనా ఎందుకు వదలాలి? ఇంత వివరించినా వినకపోతే అడగడం దేనికి?

పాతపెట్టె: నేను అడిగింది కారణం. కార్డు అడగలేదు. ఈ పెట్టెలో ఒక్క స్క్రూ కూడా మార్చలేదు, మార్చను. దాని హద్దు ఎక్కడో తెలిస్తే చాలు.

ఇంటరప్ట్‌రావు: ఆ మాట మొదటి వాక్యంలోనే రాయవలసింది. కంప్యూటర్ ఉన్నది పనిచేయడానికి, అద్దాల బీరువాలో పెట్టడానికి కాదు. అప్పటి యజమానులు కార్డులు మార్చుకునే వాడారు. కార్డులు గుచ్చే ఐఎస్ఏ స్లాట్లు ఉన్నది అందుకే.

పాతపెట్టె: అలా మార్చినవి నా దగ్గర ఇంకా ఉన్నాయి. మార్చనిది ఇదొక్కటే. ఈ రాత్రి 57600 పెట్టి, ఫైలును ర్యామ్ డిస్కులోకి (డిస్కులా వాడే మెమరీలోకి) దించి చూస్తాను.

ఇంటరప్ట్‌రావు: 57600కు మీకు దొరికే వ్యవధి దాదాపు 174 మైక్రోసెకన్లు. తప్పులు ఎన్ని వచ్చాయో రాయండి. కార్డు సంగతి మాత్రం నేను ఒప్పుకోను.