‘ప్రతిపత్తిస్వత్వముల విషయమున’: స్వత్వమా, సత్త్వమా?

శారద: రెండు రోజులుగా ఒక వాక్యం నోట్లో నానుతోంది, పూర్తిగా అందడం లేదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు ఉన్న గ్రాంథికపు తెలుగు పాఠం, మొదటి అధికరణం. “ప్రతిపత్తి సత్త్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు.” సత్త్వమేనా అది? సత్త్వమంటే బలం కదా. బలంలో అందరూ సమానులంటే అర్థం పొసగదు. పాఠం ఎదురుగా ఉన్నవాళ్లు చూసి చెప్పండి. పనిలో పనిగా ఇంకో సంగతి: ఇంగ్లీషులో ‘రైట్స్’ ఉన్నచోట, హక్కు అనే మాట ఇంటింటా ఉండగా దాన్నెందుకు పక్కన పెట్టారు?

రాఘవ: స్వత్వం, శారదగారూ. సకారం కింద వకారం ఉంది, ‘ప్రతిపత్తిస్వత్వముల’ అని ఒకే సమాసం. స్వ అంటే తనది. తనది కావడం స్వత్వం. ధర్మశాస్త్రాల్లో ఆస్తి తగాదాలన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి. సత్త్వానికీ దీనికీ చుట్టరికం లేదు.

మస్తాన్: హక్కును ఎందుకు వదిలారో నాకు తోచింది చెబుతాను. మాట మొదట్లో హకారం చూడగానే అచ్చ తెలుగు కాదని తెలుస్తుంది. అరబ్బీ ‘హఖ్’ పారసీ దఫ్తరాల మీదుగా వచ్చి, చివర ఉకారం తగిలించుకుని మనదైపోయింది. ‘నగుదురు’, ‘వర్తింపవలయును’ అని రాసే చెయ్యి దాన్ని ముట్టుకోదు. కానీ ఆ వదలడంలో పోయింది చిన్నది కాదు. హఖ్ అంటే సత్యం, న్యాయంగా రావలసింది కూడా. రావలసింది అన్నామంటే ఇవ్వవలసినవాడు ఒకడు ఉన్నట్టే. స్వత్వంలో ఆ రెండోవాడు లేడు. నేను, నా సొత్తు, అంతే. సర్కారును నిలదీయడానికి పనికొచ్చేది హక్కే.

విజయలక్ష్మి: మస్తాన్‌గారూ, స్వత్వాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. పక్కనే ‘జన్మతః’ ఉందిగా. ఈ రెండు మాటలు కలిశాయంటే, విజ్ఞానేశ్వరుడి ధర్మశాస్త్ర వ్యాఖ్య మితాక్షర చదివినవాళ్ల చెవికి వెంటనే తగులుతుంది: జన్మస్వత్వవాదం. తాతముత్తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే స్వత్వం ఉందని విజ్ఞానేశ్వరుడు, తండ్రి పోయాకే వస్తుందని దాయభాగమనే గ్రంథంలో జీమూతవాహనుడు. తెలుగునాట నడిచింది మితాక్షర. ‘ఎవరూ దయచేయకుండా పుట్టుకతోనే దక్కేది’ అని తెలుగువాడికి చెప్పాలంటే, న్యాయశాస్త్రంలో సిద్ధంగా ఉన్న మాట ఇదే. అనువదించినవారు పండితులే కాదు, వ్యవహారం తెలిసినవారు కూడానని నా నమ్మకం.

అయితే ఆ జన్మస్వత్వం కొడుకులదే. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చాక గానీ కూతుళ్లకు అది దక్కలేదు. అప్పుడు కూడా ఆనాటికి పెళ్లయినవాళ్లకు లేదు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి. కాబట్టి ‘మానవులెల్లరును’ పక్కన ‘జన్మతః స్వత్వం’ పెట్టడమంటే పాత మాట హద్దుల్ని చెరిపెయ్యడం. అందుకే నాకది ఇష్టం.

రాఘవ: మితాక్షర మాట వచ్చింది గనక కవి కేతనను తలుచుకోకుండా ముందుకు పోలేను. 13వ శతాబ్దంలోనే దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లో పెట్టాడు. రుణాలు, సాక్షులు, పాలుపంపకాలు కందాల్లోకి, గీతాల్లోకి ఎక్కించడం సామాన్యమైన పని కాదు. ఆంధ్రభాషాభూషణంలో వ్యాకరణానికి చేసినదాన్నే ఇక్కడ న్యాయానికి చేశాడు. తిక్కనకు దశకుమారచరిత్రం అంకితమిచ్చినవాడని మాత్రమే పిల్లలకు చెప్పి వదిలేస్తున్నాం.

సుధాకర్: కేతన మీద విడిగా మాట్లాడుకుందాం. అసలు చిక్కు స్వత్వంలో కాదు, ప్రతిపత్తిలో ఉంది. అది డిగ్నిటీ అన్న మాటకు పెట్టింది. ఇంగ్లీషు మూలంలో డిగ్నిటీ ఐదు చోట్ల వస్తుంది: పీఠికలో రెండుసార్లు, 1, 22, 23 అధికరణాల్లో ఒక్కోసారి. రెండో అధికరణంలో స్టేటస్ కూడా వస్తుంది, ఒకసారి మనిషిది, ఒకసారి దేశానిది. ‘స్వయంప్రతిపత్తి’, ‘ప్రత్యేక ప్రతిపత్తి’ విని పెరిగిన ఈనాటి పాఠకుడికి ప్రతిపత్తి అంటే స్టేటసే. మొదటి అధికరణం చదివి ‘హోదాలో అందరూ సమానులు’ అనుకుంటాడు. సంస్కృతంలో ఈ మాటకు గౌరవం, మన్నన అన్న అర్థాలున్న మాట నిజమే, తెలుగులో అవి అరిగిపోయాయి.

పరీక్ష సులువు. పెట్టదలుచుకున్న మాటను ఆ ఐదు చోట్లా పెట్టి గట్టిగా చదవండి. 23లో విషయం కూలి: పనిచేసేవాడికీ వాడి కుటుంబానికీ మనిషి డిగ్నిటీకి తగ్గ బతుకు గడిచేంత రావాలని. ‘మానవ ప్రతిపత్తికి తగిన జీవనము’ అంటే కూలివాడికి ఏం తెలుస్తుంది?

శారద: మరి గౌరవం? మన రాజ్యాంగ పీఠిక తెలుగులో ‘వ్యక్తి గౌరవం’ అనే ఉంది కదా.

సుధాకర్: అది పీఠికలో కుదిరింది, ఇక్కడ సగమే కుదురుతుంది. గౌరవం ఒకరు ఇస్తే వచ్చేది. పరువు పోయేది. మర్యాద జరిగేది. ఎవరు ఇచ్చినా ఇవ్వకపోయినా మనిషిలోనే ఉండేదానికి మనకు మాట తక్కువైంది. ‘ఘనత’ను కొంత సాగదీయొచ్చునేమో. హిందీవాళ్లు గౌరవ్, అధికార్ అని సరిపెట్టుకున్నారు. తెలుగులో అధికారం అంటే ఎదుటివాడి మీద చెలాయించేది గనక ఆ దారి మనకు మూసుకుపోయింది.

మస్తాన్: రెండో వాక్యం ఎవరూ చూడలేదా? “వారు విచారణ-ఆంతఃకరణ సంపన్నులగుటచే పరస్పరము భ్రాతృభావముతో వర్తింపవలయును.” ఆంతఃకరణ! ఆ దీర్ఘం ఎక్కడిది? అంతఃకరణ కదా ఉండాల్సింది.

రాఘవ: సవర్ణదీర్ఘాన్ని తప్పుగా విరిచారు. విచారణా, అంతఃకరణ కలిస్తే ‘విచారణాంతఃకరణ సంపన్నులు’. రాసినవారు అలాగే రాసి ఉంటారు. తర్వాత ఎవరో చదువరికి సాయం చేద్దామని మధ్యలో గీత పెట్టారు. దీర్ఘాన్ని ముందు మాటకివ్వాల్సింది పోయి వెనక మాటకిచ్చారు.

విజయలక్ష్మి: లేదా తద్ధితం, అంటే నామానికి ప్రత్యయం చేరి పుట్టిన మాట, కావచ్చు. అంతరం నుంచి ఆంతరం వచ్చినట్టు.

రాఘవ: అప్పుడది విశేషణమవుతుంది. విశేషణానికి ‘సంపన్నులు’ తగలదు. గీతే దోషి.

మస్తాన్: దీర్ఘం తీసేసినా అర్థం నిలవదే! వేదాంతంలో అంతఃకరణమంటే మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం నాలుగూ. బుద్ధి అందులోనే ఉంటే ముందు విచారణ ఎందుకు? పైగా ఈనాడు విచారణ అంటే కోర్టులోనో ఠాణాలోనో జరిగేది. ఇంగ్లీషులో ఉన్నది ‘రీజన్, కాన్షెన్స్’. ‘వివేకము, మనస్సాక్షి’ అంటే పోయేదేముంది?

విజయలక్ష్మి: ఆ రెండో మాట కథ తెలిస్తే మనస్సాక్షి కూడా చాలదనిపిస్తుంది. 1947లో ఈ ప్రకటన ముసాయిదాలో మొదట ఉన్నది వివేకం ఒక్కటే. చైనా ప్రతినిధి పి.సి.చాంగ్ అది సరిపోదన్నాడు. ఆయన మనసులో ఉన్నది కన్‌ఫ్యూషియస్ మాట ‘రెన్’. రాతలో మనిషి గుర్తు పక్కన రెండు గీతలు: ఇద్దరు మనుషుల మధ్య ఉండేది, ఎదుటివాడు కూడా నాలాంటివాడేనన్న ఎరుక. అది ఇంగ్లీషులోకి వెళ్లి ‘కాన్షెన్స్’ అయింది. ఇప్పటి చైనా పాఠంలో చూస్తే రెన్ లేదు, ‘లియాంగ్‌షిన్’ ఉంది, అంటే మంచి మనసు. మనదాకా వచ్చేసరికి అంతఃకరణం. రెండోమనిషి దారిలోనే జారిపోయాడు. ‘మనస్సాక్షి’లోనూ సాక్షి నా లోపలే కూర్చుని నన్నే చూస్తాడు.

రాఘవ: ఆ రెండోమనిషి తిక్కనలో ఉన్నాడు. “ఒరులేయవి యొనరించిన” గుర్తు చేసుకోండి. ఒరులు చేసింది ‘తన మనంబునకు’ అప్రియమైతే తాను ఒరులకు చేయకపోవడం. ఒరులు, తాను, మళ్లీ ఒరులు. ఒక్క కందంలో చాంగ్ అడిగింది మొత్తం ఉంది. నన్నడిగితే అంతఃకరణం తీసి ‘మనము’ పెడతాను.

సుధాకర్: ‘మనము’ అంటే ఈనాటివాళ్లు మనమందరం అనుకుంటారు, రాఘవగారూ.

మస్తాన్: అనుకుంటే మంచిదేగా!

శారద: భ్రాతృభావం మాటేమిటి? ఇంగ్లీషులో ‘ఆల్ మెన్’ను పట్టుబట్టి ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’గా మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆవిడ పోరాడినచోట తెలుగులో ‘మానవులెల్లరును’ హాయిగా ఉంది. వాక్యం తిరిగేసరికి మళ్లీ అన్నదమ్ములే.

రాఘవ: పాణిని ప్రకారం అక్కచెల్లెళ్లూ అందులో ఉన్నారు. ‘భ్రాతృపుత్రౌ స్వసృదుహితృభ్యామ్’: భ్రాతృ, స్వసృ కలిసి వస్తే భ్రాతృ శబ్దమే మిగులుతుంది.

శారద: మిగిలేది ఎప్పుడూ ఆ శబ్దమే ఎందుకన్నదే నా ప్రశ్న.

విజయలక్ష్మి: మస్తాన్‌గారి హక్కు వాదానికి ఒక్క సంగతి చేరుస్తాను. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఈ ప్రకటన మీద ఓటు పడ్డప్పుడు 48 అనుకూలం, 8 తటస్థం, వ్యతిరేకం ఒక్కటీ లేదు. తటస్థుల్లో సౌదీ అరేబియా ఉంది. పెళ్లిలో ఆడామగా సమానత్వం, మతం మార్చుకునే స్వేచ్ఛ దానికి మింగుడుపడలేదు. అదే అరబ్బీ మాట్లాడే ఈజిప్టు, సిరియా, ఇరాక్, లెబనాన్ అనుకూలంగా వేశాయి. అరబ్బీ కాకపోయినా పాకిస్తాన్ కూడా. దాని తరఫున జఫ్రుల్లా ఖాన్ మతస్వేచ్ఛను ఖురాను ఆధారంగానే సమర్థించాడు. హఖ్ అన్న మాట అందరిదీ ఒకటే, ఓట్లు మాత్రం ఒకటి కాదు. మాటలోనే అంతా ఉందనుకుంటే ఇక్కడ దెబ్బతింటాం.

మస్తాన్: ఒప్పుకుంటున్నాను. అయినా ‘నా స్వత్వం నాకివ్వు’ అని ఊరేగింపులో అరవగలరా, విజయలక్ష్మిగారూ?

విజయలక్ష్మి: కోర్టులో దావా వేయగలను.

శారద: నా ప్రశ్న స్వత్వంతో మొదలై ఎక్కడికో పోయింది. సరే, ఒక్కటైనా తేల్చుకుందాం. నేను చూసింది తెర మీది పాఠమే, గీత అందులో ఉంది. అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఒక్క పంక్తి ఫొటో తీసి పెట్టండి. ‘విచారణాంతఃకరణ’ అని కలిసే ఉంటే రాఘవగారి మాట నిలుస్తుంది.

రాఘవ: గీత ఉన్నా నా మాట నిలుస్తుంది. అచ్చులో తప్పులు దొర్లవా?