పదో తరగతి అయిపోయింది, అమ్మాయి సొంతంగా ఏదో చేస్తానంటోంది

నీలగిరి నాన్న:
మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటర్ మొదలయ్యేదాకా రెండు నెలల సమయం ఉంది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నాకు చిన్న స్టేషనరీ దుకాణం ఉంది. స్కూలు ప్రాజెక్టుల కోసం చార్టులు, థర్మాకోల్ ఇళ్లు, రంగులు వేసి తయారుగా ఉంచిన అగ్నిపర్వతాలు అమ్మేది నేనే. వాటితో పిల్లలకు ఏమాత్రం చదువు వస్తుందో నాకు తెలుసు. ఈసారి అమ్మాయి "నువ్వు అమ్మనిది చేస్తా నాన్నా" అంది. ఏం ప్రాజెక్టు చేయమనాలి? ఖర్చు వెయ్యి దాటకూడదు. కంప్యూటర్ లేదు.

రిటైరైన ఫిజిక్స్ సార్:
పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లండి. మీ దుకాణం నుంచి ఎంత దూరమని! లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా జరగకుండా నిలుస్తుంది. సూర్యుడు జరుగుతుంటే నీడ ఎందుకు జరగదు?

ఇంటికొచ్చాక చెప్పుల అట్టపెట్టెను గర్భగుడి అనుకుని, ముందు పెన్సిళ్లు స్తంభాల్లా నిలబెట్టమనండి. టార్చి నేరుగా వేసి అటూ ఇటూ జరిపితే నీడ కూడా జరుగుతుంది. తర్వాత టార్చిని పెట్టెకు ఎదురుగా ఉన్న తెల్ల గోడ మీద వేసి, ఆ గోడ వెలుగులో చూడమనండి. పెన్సిలు ఒకటైతే ఎలా ఉంది, నాలుగైతే ఎలా ఉంది, అన్నీ రాసుకోవాలి. మబ్బు పట్టిన రోజు గుడిలో నీడ ఉంటుందా? అది నేను చెప్పను.

మర్రిగూడ కోడలు:
సార్ చెప్పింది బాగుంది. కానీ నాకు మన జిల్లా అనగానే నీళ్లే గుర్తొస్తాయి. మా అత్తమ్మ యాభై దాటకముందే నడుం వంగిపోయి, మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పి చూసేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని పేరే 'నల్గొండ పద్ధతి'. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

మీ అమ్మాయిని ఒక్క వీధి పట్టుకోమనండి. ఇంటింటికీ వెళ్లి, మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చాక బోరు నీళ్లు ఇంకా దేనికి వాడుతున్నారో అడగాలి. మా ఇంట్లో రుచి కోసమని టీకి మాత్రం బోరు నీళ్లే పెడతారు, నేనెంత మొత్తుకున్నా.

నీలగిరి నాన్న:
ఆదివారం పానగల్లు వెళ్లొచ్చాం. పదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడను చూసి రాసుకుంది. మధ్యలో ఆకలేసి నేను బయటికొచ్చాను, తను రాలేదు. ఇప్పుడు దుకాణంలో నాలుగు పెన్సిళ్లు, ఒక టార్చి తగ్గాయి, డబ్బు ఇవ్వలేదు. మా వీధి చివర బోరు నీళ్లే తాగే ఇల్లు ఇంకా ఒకటి ఉంది. అక్కడికి రేపు పొద్దున వెళ్తుందట.